జవాబు వచ్చేదాకా

పోర్ట్ బ్లెయిర్‌లో ఓడ దిగేసరికి జోరున వాన. జూన్ నెల. భుజాన కిట్ బ్యాగు, చేతిలో ట్రంకు పెట్టె. మా ట్రక్కు డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి, "మద్రాసీ హవల్దార్ కౌన్ హై?" అని అరిచాడు. నేనే అన్నాను. మాది శ్రీకాకుళం జిల్లా. మద్రాసు నేను రైల్లోంచి తప్ప చూడలేదు. కానీ ఫౌజులో దక్షిణాది వాళ్ళమంతా మద్రాసీలమే. పద్దెనిమిదేళ్ళుగా ఆ పిలుపుకి పలుకుతున్నాను. విసుగు కూడా రావడం మానేసింది.

మా ఇంజనీరు దళం గుడారాలు వండూర్ వైపు ఒక కొండ మీద ఉన్నాయి. కొండ కొసన సిగ్నల్ పోస్టు. దానికి రోడ్డు వెయ్యాలి. అంతా ఎర్రమట్టి. తడిస్తే సబ్బులా జారుతుంది. గంబూట్లలోకి జలగలు దూరేవి. తెల్లవారి ఐదింటికే వెలుతురు, సాయంత్రం ఐదున్నర దాటితే చీకటి. ఆరింటికల్లా పనిలో ఉండాలి. నన్ను చూసినవాళ్ళు అండమాన్ బీచ్‌ల గురించి అడుగుతారు. నేను అక్కడ ఎక్కువగా చూసింది బురద.

యంత్రాలు మావి, కూలీలు కాంట్రాక్టరువి. కాంట్రాక్టరు అప్పలరాజు పోర్ట్ బ్లెయిర్ డిగ్నాబాద్‌లో పుట్టి పెరిగాడు. వాళ్ళ తాతది మా పక్క ఊరట. "మనోడే" అంటూ మొదటి రోజే చేపల పులుసు పంపాడు. మంచివాడు. ఆ మాట అనడానికి ఇప్పుడు నోరు రావడం లేదు గానీ, అబద్ధం చెప్పలేను.

కూలీలందరూ రాంచీవాళ్ళు. వీళ్ళ తాతముత్తాతలను రాంచీ చుట్టుపక్కల కొండల నుంచి అడవి కొట్టడానికి ఓడల్లో తీసుకొచ్చారు. వీళ్ళు పుట్టింది ఇక్కడే. రాంచీ ఏ దిక్కున ఉందో కూడా చాలామందికి తెలియదు. అయినా బజారులో వాళ్ళకి ఒకటే పిలుపు. "ఏయ్ రాంచీ."

దాని మీద పోరాడినవాడు మంగళ్ దాదా. నేను వెళ్ళేసరికి ఆయన పోయి ఏడాది. దుంగలు లాగిన కూలీ. ఆ రోజుల్లో మేస్త్రీ ఈల ఊదేవాడట. జనం వచ్చి వరుసగా నిలబడితే, సంతలో పశువులను లెక్కపెట్టినట్టు వేలితో తలలు లెక్కపెట్టేవాడు. ఒక పొద్దున దాదా ఈలకి లేవలేదు. పేరు పెట్టి పిలిస్తే వస్తానని కూర్చున్నాడు. ఆయన వెనక గ్యాంగు మొత్తం కూర్చుంది. దెబ్బలు తిన్నారు, జైలుకి వెళ్ళారు, లేవలేదు. తర్వాత ఆయన బడి కోసం, ఇళ్ళ స్థలాల కోసం కూడా కొట్లాడాడు. కొన్ని వచ్చాయి, కొన్ని రాలేదు. కానీ వాళ్ళు ముందుగా చెప్పుకునేది ఆ పిలుపు గురించే. ప్రతి మనిషినీ పూర్తి పేరుతో పిలవాలి. పిలిచి, జవాబు వచ్చేదాకా ఆగాలి. జవాబు రాకుండా ఇంకో పేరు ఎత్తకూడదు.

ఆయన కూతురు సిసిలియా దీదీ ఆ గ్యాంగుకి మేట్, అంటే నాయకురాలు. చేతిలో కాగితం ఉండేది కాదు. వాన కోటు టోపీ వెనక్కి తోసి ఒక్కొక్క మొహం చూస్తూ పిలిచేది. పిలిచి ఆగేది. "హాజిర్" అనేవాళ్ళు. మొదటి రోజు అది చూస్తూ నా పని మరిచి నిలబడిపోయాను. మా నాన్నను ఊళ్ళో పేరుతో పిలిచినవాళ్ళు తక్కువ. కులం పేరు, లేకపోతే ఒరే. ఆయన పోయినప్పుడు మైకులో చెప్పాల్సి వస్తే, అసలు పేరేమిటని పక్క వీధివాళ్ళు మమ్మల్ని అడిగారు.

ఆ గ్యాంగులో పత్రస్ టొప్పో నాకు తోడుగా, రోడ్డు కింద నీళ్ళు పోవడానికి తూము పైపులు వేసేవాడు. నలభై దాటిన మనిషి. మా దళంలో నేను మద్రాసీని, మరీ ముద్దొస్తే సిమ్మాని. అతను మాత్రం "సింహాచలం సాబ్" అనేవాడు. వానలో, బురదలో, పైపు భుజాన ఉన్నా అంతే. అంత పొడుగ్గా ఎందుకయ్యా అంటే, పూర్తి పేరు పలికితే పోయేదేముందని నవ్వాడు.

"పూరా నామ్ మే క్యా ఖర్చా హై, సాబ్?"

నా పేరు ఒక కొండ పేరని, ఆ కొండ మీద దేవుడున్నాడని చెప్పాను. చూడాలన్నాడు. నా సర్వీసు అయిపోయాక విశాఖపట్నం రమ్మన్నాను. ఓడ టికెట్టు ఎవరిదని అడిగాడు. నాదేనన్నాను. ఆ రోజు నుంచి కనిపించినవాడికల్లా చెప్పుకున్నాడు.

సెప్టెంబరు వచ్చేసరికి రోడ్డు పని వెనకబడింది. పైనుంచి తొందర. అప్పలరాజుకి పొద్దున్న పిలుపు మీద కన్నుపడింది.

"భయ్యా, రోజూ ఈ హాజిరీకి ఎంత టైం బర్బాద్ అవుతోందో సూడు. తలకాయలు గిన్తీ సేసుకుంటే సరిపోద్ది కదా."

"దీదీ ఒప్పుకోదు" అన్నాను.

"దీదీ లేని రోజు సేత్తాను" అన్నాడు నవ్వుతూ.

దీదీ లేని రోజు వచ్చింది. పైపులు దింపించుకోవడానికి ఆమె పోర్ట్ బ్లెయిర్ హార్బరుకి వెళ్ళింది. వెళుతూ, "నేను లేకపోయినా పేర్లు పిలవాలి" అని చెప్పి వెళ్ళింది. అప్పలరాజు సరే దీదీ అన్నాడు. ట్రక్కు మలుపు తిరగ్గానే తలలు లెక్కపెట్టి పనిలోకి పంపేశాడు.

మధ్యాహ్నం మూడుకి పది నిముషాలు తక్కువ. కొండ చరియ జారింది. ముందు చెట్ల వేళ్ళు తెగుతున్న చప్పుడు, తర్వాత మట్టి. రోడ్డు రెండు ముక్కలైంది. మేమూ కొంతమంది కూలీలూ పై వైపు. అప్పలరాజూ మిగతా కూలీలూ కింది వైపు. మా నాయబ్ సుబేదార్ సాబ్ వైర్‌లెస్ సెట్టు అందుకున్నాడు. రెండోది కింద అప్పలరాజు దగ్గర ఉంది.

"మా వైపు కూలీలు తొమ్మిది మంది. కింద మిగతా అందరూ ఉన్నారా? ఓవర్."

"ఇక్కడ లెక్కపెట్టినాను సాబ్. మీ పక్కనున్నోళ్ళతో కలిపితే గిన్తీ బరోబర్. ఓవర్."

"పక్కానా?"

"పక్కా సాబ్."

కొండ ఇంకా పగుళ్ళిస్తోంది. మనుషులందరూ క్షేమమైతే అక్కడ నిలబడటం తెలివితక్కువ. జేసీబీని వెనక్కి తీసి, దూరంగా ఉన్న రోడ్డు ముక్క మీద పని చూడమని సాబ్ ఆర్డరిచ్చాడు. సరైన ఆర్డరే. పత్రస్ నా దగ్గర లేడు. కింద ఉన్నాడనుకున్నాను. కిందివాళ్ళు నా దగ్గర ఉన్నాడనుకున్నారు.

నాలుగున్నరకి సిసిలియా దీదీ తిరిగొచ్చింది. రాగానే అడిగిన మాట ఒకటే. "పేర్లు పిలిచారా?"

అప్పలరాజు గిన్తీ సంగతి చెప్పాడు. ఆమె అతన్ని తిట్టలేదు. మట్టి దిబ్బ ఎక్కి, రెండు వైపులవాళ్ళకూ వినిపించేలా నిలబడింది. ఇంజన్లు ఆపించమంది. సాబ్ చెయ్యి ఎత్తాడు. జేసీబీ ఆగింది. వాన కూడా తగ్గింది.

ఒక్కొక్క పేరే పిలిచింది. పైనుంచీ కిందనుంచీ జవాబులు వచ్చాయి.

"పత్రస్ టొప్పో."

జవాబు లేదు. ఆమె ఆగింది. అందరం ఆగాం. కింది వరుసలోంచి ఒకడు ముందుకొచ్చాడు. గ్యాంగువాడు కాదు. వాళ్ళ గుడారాలకి బియ్యం మోసుకొచ్చిన చుట్టం, పత్రస్ బావమరిది. అప్పలరాజు అతన్నీ కూలీ కిందే లెక్కేశాడు. రోజూ చూసే మనుషులే గానీ, అతనికి అందరూ ఒకేలా కనిపించారు.

అప్పుడు వినిపించింది. మట్టి లోపలినుంచి. టక్. టక్. టక్.

తూము పైపు. పైపు మీద రాయి.

"సాబ్, జిందా హై. బతికే ఉన్నాడు" అన్నాడు మా రేడియో ఆపరేటర్.

యంత్రం పెడితే కొండ మొత్తం దిగుతుంది. పారలతో, ఇనుప తట్టలతో, చేతులతో తవ్వాం. అప్పలరాజు గోళ్ళు ఊడిపోయాయి. నేను పైపు బయటి కొసకి నోరు పెట్టి, "పత్రస్ టొప్పో, పత్రస్ టొప్పో" అని అరుస్తూనే ఉన్నాను. ప్రతి పిలుపుకీ ఒక దెబ్బ వినిపించేది. చీకటి పడ్డాక దెబ్బకీ దెబ్బకీ మధ్య ఎడం పెరిగింది. ఆరున్నర ప్రాంతంలో నేను పిలిచి ఆగాను. ఏమీ రాలేదు. మళ్ళీ పిలిచాను.

అతన్ని చేరేసరికి ఏడు దాటింది. పైపు నోట్లోకి ఒక చెయ్యి పెట్టి ఉన్నాడు. పిడికిట్లో రాయి అలాగే ఉంది. మా నర్సింగ్ అసిస్టెంట్ నాడి చూసి, అరగంట కిందటే పోయి ఉంటాడన్నాడు. మూడింటినుంచీ అతను కొడుతూనే ఉన్నాడు. మా ఇంజన్ల హోరులో ఎవరం వినలేదు. వినడానికి ఎవరం ఆగనూ లేదు. అప్పుడే పేర్లు పిలిచి ఉంటే పత్రస్ బతికేవాడు. అది నాకు తెలుసు, అప్పలరాజుకి తెలుసు. ఆ కొండ మీద తెలియనివాళ్ళు లేరు.

సమాధి అయిన మూడో రోజు పని మళ్ళీ మొదలుపెట్టమన్నారు. పొద్దున్నే గ్యాంగు వరుసలో నిలబడింది. సిసిలియా దీదీ ముందుకు రాలేదు.

"నువ్వు పిలువు" అంది అప్పలరాజుతో.

"నాకు అందరి పేర్లూ రావు దీదీ."

"నేర్చుకుని రా."

వెళ్ళిపోయాడు. గ్యాంగు కదల్లేదు. సాబ్ ఆ రోజుకి పని ఆపేశాడు. సాయంత్రం అప్పలరాజు వాళ్ళ గుడారాల్లో కూర్చుని ఒక్కొక్కరినీ అడిగి నేర్చుకున్నాడు. మర్నాడు వచ్చాడు. వాన పడుతోంది, గొడుగు తెచ్చుకోలేదు. వరుస మొదటినుంచీ పిలిచాడు. ఒక్క పేరూ తప్పలేదు. వరుస మధ్యలో ఒక మనిషి పట్టేంత ఖాళీ ఉంది. అటూ ఇటూ ఉన్నవాళ్ళు దాన్ని పూడ్చలేదు. ఖాళీ కనిపిస్తే జరగమని ఆర్డరివ్వడం మాకు అలవాటు. నా నోటిదాకా వచ్చింది, మింగేశాను.

అప్పలరాజు ఆ ఖాళీ దగ్గరికి వచ్చాడు. దాటెయ్యొచ్చు. దాటలేదు.

"పత్రస్ టొప్పో" అన్నాడు.

ఆగాడు.

మరుసటి వేసవిలో నా అండమాన్ డ్యూటీ గడువు అయిపోయింది. విశాఖపట్నం ఓడలో తిరిగొచ్చాను. నా పక్క బెర్తు మూడు రోజులూ ఖాళీగా ఉంది. దాని వంక చూడకుండా డెక్కు మీదే గడిపాను. సర్వీసు అయిపోయి, ఇప్పుడు విశాఖపట్నంలోనే ఒక అపార్ట్‌మెంటులో సెక్యూరిటీ సూపర్‌వైజర్‌ని. పొద్దున్నే గార్డులను పూర్తి పేర్లతో పిలుస్తాను. ముసలాయనకి ఫౌజు పిచ్చి వదల్లేదని నవ్వుకుంటారు. నవ్వుకోనీ. మా టెర్రస్ మీదినుంచి సింహాచలం కొండ కనిపిస్తుంది. అటు చూస్తే దుఃఖం వస్తుంది, దాచుకోను.

కానీ నాకు కళ్ళ ముందు నిలిచేది పత్రస్ మొహం కాదు, ఆ పిడికిలీ కాదు. వానలో తడుస్తూ అప్పలరాజు. ఎదురుగా ఆ ఖాళీ. జవాబు రాకుండా ఇంకో పేరు ఎత్తకూడదు. చాల్లే, ముందుకెళ్ళు అని గ్యాంగులో ఒక్కరూ అనలేదు. అతను నోరు సగం తెరిచి, చెవి ఒగ్గి, అలాగే నిలబడి ఉన్నాడు.