నర్సింలు మీసం, నా బోణీ బేరం

నేనొకసారి ఒక పెద్దమనిషిని చంపాను. కత్తితో కాదు, కర్రతో కాదు, ఎర్రమందు సీసాలు అమ్మి చంపాను. ఆయన ఇప్పటికీ మా కొట్టుకొచ్చి కందిపప్పు చేతిలో పోసుకుని, పురుగుందని బేరమాడుతూనే ఉంటాడు. అయినా ఆయన కోసం పోతిరెడ్డిపల్లి ఒక పూటంతా ఏడ్చిన మాట నిజం. ఏడిపించింది నేను. తిట్టాలనిపిస్తే మొత్తం విన్నాక తిట్టండి. అప్పుడైతే ఇంకా మంచి తిట్లు దొరుకుతాయి.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్త రోజులవి. సంగారెడ్డి బజారులో మాది కిరాణా కొట్టు. డిగ్రీ నన్ను వదిలేశాక నేను కొట్టుకు చేరాను. నాన్న నాకు నేర్పిన వేదం ఒక్కటే.

"బోణీ బేరం దేవుని బేరంరా. పొద్దుగాల మొదలొచ్చినోడు శత్రువైనా సరే, ఉత్త చేతులతోని పంపొద్దు. పంపితివా, దినమంత ఈగలు తోలుకుంట కూసోవాలె."

మిగతా చదువులన్నీ మర్చిపోయాను గానీ ఈ చదువు మాత్రం ఒంటబట్టింది. అదే కొంప ముంచింది.

నర్సింలు నా చిన్ననాటి దోస్తు. పోతిరెడ్డిపల్లిలో వాళ్ళది వ్యవసాయం. వాడు పాశమైలారంలో మందుల కంపెనీలో ఆపరేటరు. వాడికి ఈ లోకంలో రెండే ప్రాణాలు. ఒకటి వాడి మీసం. దానికి రోజూ ఆముదం రాసి, దువ్వి, అద్దంలో అటు నుంచి ఒకసారి ఇటు నుంచి ఒకసారి చూసుకునేవాడు. రెండోది పటేల్‌గూడలో ఉండే సుజాత. కంపెనీ బస్సు కిటికీలోంచి ఆ అమ్మాయిని చూసి చూసి, చివరికి తన బాపు మల్లయ్య పటేల్ కాళ్ళావేళ్ళా పడి మధ్యవర్తి ద్వారా సంబంధం మాట్లాడించుకున్నాడు.

"దోస్తు, గా పిల్ల గాకపోతె నేను సన్నాసులల్ల కలుస్త," అనేవాడు.

"సన్నాసులకు గడ్డం గూడ ఉండాలెర, మీసమొక్కటే సాలదు," అనేవాణ్ణి.

ఇలా ఉండగా మా బస్టాండు వెనక ఒక నెట్ సెంటర్ వెలిసింది. అందులోకి ఒక ఆట వచ్చింది. ఎక్కడెక్కడి వాళ్ళో ఇంటర్నెట్టు మీద ఒకే లోకంలో దూరి, గుంపులు కట్టి, కోటలు కొట్టుకునే ఆట. మీలో ఈ ఆటలు తెలియని అదృష్టవంతులు ఉంటే ఒక్క ముక్కలో చెబుతాను. ముందు మన బొమ్మను మనమే తయారు చేసుకోవాలి. ముక్కు, జుట్టు, పొట్ట, పొడుగు, అన్నీ మన ఇష్టం. బ్రహ్మదేవుడి పని అన్నమాట. తర్వాత ఆడుతున్న కొద్దీ బొమ్మకు శక్తులు ఇస్తూ పోవాలి. ఒకసారి ఇచ్చిన శక్తి వెనక్కి రాదు. తలరాత రాశాక బ్రహ్మ కూడా చెరపలేడు కదా, అలాగే.

నర్సింలు కత్తివీరుణ్ణి ఎంచుకున్నాడు. మొదటి రోజంతా ఆ వీరుడి మీసం దిద్దడంతోనే సరిపోయింది. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె అన్నట్టు, చేతిలో కత్తి ఇంకా తుప్పుదే గానీ మీసం మాత్రం చెవులు దాటింది.

"నువ్వు వైద్యుడివి గా. మాకు దెబ్బలు తగిల్తె మందెయ్యాలె," అన్నాడు నాతో.

నేను వైద్యుడి మీద నొక్కబోయేవాణ్ణే. దాని కిందే ఉన్న ఇంకో వేషం కంటబడింది. వ్యాపారి! బరువులు మోస్తాడు, సరుకు చౌకగా కొంటాడు, ఎక్కడ కావాలంటే అక్కడ అంగడి పరుస్తాడు. చదువుతుంటే నా రక్తం పొంగింది. మా తాత, ముత్తాత అందరూ తక్కెడలు పట్టుకుని వచ్చి వెనక నిలబడి దీవించినట్టయింది. కోటి విద్యలూ కొట్టు కొరకే కదా!

"యుద్ధంల వ్యాపారి ఏం జేస్తడుర?" అన్నాడు నర్సింలు.

"మీ అందరి మందులు నేనే మోస్త. వైద్యుడు ఇద్దరికిస్తె నేను ఊరందరికిస్త."

ఆ మాటకు వాడు మెత్తబడ్డాడు. "సరె గని, మందు దూరంకెల్లి ఇసిరే శక్తి ఒకటున్నది. గది తప్పక తీస్కో. మేము కొట్లాటల ఉంటె నీ దగ్గరికి రానీకె కాదు."

"గట్లనే," అన్నాను. అన్నాను గానీ, మందు విసరడం ఏమిటండీ? సరుకు విసిరేవాణ్ణి వ్యాపారి అంటారా? నా శక్తులన్నీ కొంత మోతకు, మిగతాదంతా అంగడికి ఇచ్చాను. అంగడికి శక్తి ఇచ్చిన కొద్దీ గుడ్డ పెద్దదవుతుంది, పైన పందిరి వస్తుంది, గంట వస్తుంది. ఆ గంట కోసం ఎంత పరితపించానో! బొమ్మను కూడా శ్రద్ధగా చేశాను. బట్టతల, బానపొట్ట, నుదుట బొట్టు.

నర్సింలు తొంగి చూసి, "అరేయ్, గిది మీ నాయిన గాదుర?" అన్నాడు.

పరిశీలనగా చూశాను. మా నాన్నే. వద్దనుకున్నా చెయ్యి అటే పోయింది.

నర్సింలు కంపెనీలోనే ఇంకో షిఫ్టులో బాలరాజు అని ఒకడున్నాడు. వాడిదీ ఒక గుంపు. కంపెనీ క్యాంటీన్లో మాటా మాటా పెరిగి, కోట ఎవరిదో ఆదివారం పొద్దున తేల్చుకుందామనుకున్నారు. ఓడిన గుంపు నాయకుడు మీసం తీసేయాలి. అదీ పందెం.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. మా వైపు తండ్రి బతికుండగా కొడుకు మీసం తీయడు. తీశాడంటే ఇంట్లో తండ్రి ముచ్చట అయిపోయిందని అర్థం.

నేను భయపడ్డాను. "అదే ఆదివారం సాయంత్రం నీకు పెండ్లిచూపులున్నయి గదర! మీసం పోతె?"

"ఓడిపోతె గద పోయేది. నువ్వు మందులియ్యి, సాలు. నా మీసం నీ చేతిల పెడ్తున్న," అన్నాడు వాడు నా భుజం మీద చెయ్యి వేసి.

ఆదివారం వచ్చింది. టోకు సరుకుల గంజికి పోయొస్తానని నాన్నకు చెప్పి నెట్ సెంటర్లో కూర్చున్నాను. ఒక వరుసలో మేము, మధ్యలో చెక్క అడ్డం, అటు వరుసలో బాలరాజు వాళ్ళు. యుద్ధం మొదలైంది. నర్సింలు మీసాలతో సహా కోట తలుపు మీదికి ఉరికాడు. నేను తలుపు పక్కన జాగా చూసుకుని అంగడి పరిచాను. పొడుగు సీసాలు వెనక, పొట్టివి ముందు, గాయాలు మాన్పే ఎర్రమందు కంటికి ఎదురుగా. పందిరి లేచింది. గంట మోగింది. ఆహా!

"సేటూ, మందు ఇసురు!" అని అరిచాడు నర్సింలు.

"ఇసురుడు రాదుర. అంగడికొచ్చి తీస్కపో."

"రాదా? మరేం నేర్సుకున్నవ్?"

"మోత, అంగడి."

వాడు నన్ను చూసిన చూపు మీకు చెప్పలేను. అంతలో చెక్క అడ్డం మీదుగా బాలరాజు తల పైకి లేచింది. చాలా మర్యాదగా అడిగాడు.

"సేటూ, బోణీ అయిందా?"

"ఇంక కాలే," అన్నాను నిజాయితీగా.

"అరెరె, గంత మంచి అంగడికి బోణీ కాలేదా? ఎర్రమందు జెర నాకియ్యి. బోణీ నేనే జేస్త."

పాఠకులారా, నా స్థానంలో మీరుంటే ఏం చేసేవారు? ఎదురుగా శత్రువు. కానీ చేతిలో బోణీ బేరం. చెవిలో నాన్న గొంతు. నా చెయ్యి నన్నడగకుండానే సీసా ఇచ్చేసింది. బాలరాజు ఒక మంచి మాట కూడా అన్నాడు, "నీ చేతి వాసి మంచిదే సేటూ," అని. దాంతో నాకు ఒళ్ళు తెలియలేదు. వాడి వెనక వాడి మనుషులంతా వచ్చారు. గిరాకీ! గంట మీద గంట! ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే పక్కవాడు బొగ్గులు అమ్ముకున్నాడట. ఆ పక్కవాణ్ణి నేనే.

"అరేయ్, సస్తున్నర! ఒక్క సీసా ఇయ్యి!" నర్సింలు వీరుడు కుంటుకుంటూ నా అంగడి ముందుకొచ్చాడు.

"లైన్ల రా. ముంగట వాళ్ళున్నరు."

"వాళ్ళు దుష్మన్లుర!"

"అంగడి కాడ అందరొక్కటే," అన్నాను. ఇప్పటికీ ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలియదు. వాడి వంతు వచ్చేసరికి సరుకు అయిపోయింది. నా మందు తాగి బలిసిన బాలరాజు, నా అంగడి ముందే వాణ్ణి పొడిచేశాడు. మీసాలు ఆకాశం వైపు తిప్పుకుని నర్సింలు వీరుడు నేల మీద పడ్డాడు.

నర్సింలు కుర్చీలోంచి లేచి నేరుగా సాయిలు సెలూన్‌కు నడిచాడు. వెనక నేను, నా వెనక బాలరాజు గుంపు.

సాయిలు నురగ పూసి, "మీసమా అన్నా? ఖరారేనా?" అన్నాడు. నర్సింలు కళ్ళు మూసుకుని తలూపాడు. కళ్ళ చివర నుంచి నీళ్ళు కారాయి. పెదవి మీద కత్తి ఉంది కాబట్టి నోరు తెరవడానికి లేదు. సాయిలు నా వైపు చూశాడు. నాకు దుఃఖం పొంగుకొచ్చి తల దించుకున్నాను. గెలిచిన బాలరాజు కూడా అద్దంలో ఆ ముఖం చూసి నవ్వు మింగి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. సాయిలు మెల్లగా పని ముగించి, "పైసలొద్దన్నా. మీ బాపు మస్తు మంచోడు. ధైర్నంగ ఉండు," అన్నాడు. మేమున్న స్థితిలో ఆ మాట మా బుర్రకెక్కలేదు.

మేము ఎక్కడికీ పోలేక బస్టాండులో కాసేపు కూర్చుని, మా సరుకుల స్కూటర్ మీద పోతిరెడ్డిపల్లి చేరేసరికి, సాయిలు నోటి మాట మాకంటే ముందే చేరి, వాడి ఇంటి ముందు జనం. ఆడవాళ్ళు శోకాలు మొదలుపెట్టారు. ఎవరో వెదురు కర్రలు కూడా తెచ్చారు. పొలం నుంచి అప్పుడే వచ్చిన మల్లయ్య పటేల్, భుజం మీద పార పెట్టుకుని, జనం వెనక మునివేళ్ళ మీద నిలబడి, పక్కావిడను అడుగుతున్నాడు.

"ఎవలు పోయిండ్రే?"

ఆమె తిరిగి చూసి కెవ్వుమంది. తర్వాత జరిగిన తొక్కిసలాటలో కర్రలు తెచ్చినవాడు కర్రలు వదిలేసి ఉరికాడు. మల్లయ్య పటేల్ కొడుకు ముఖం చూశాడు. మీసం లేని చోటు చూశాడు. అంతా అర్థమైంది.

"ఓరి కొడకా, నన్నడగకుంటనే నన్ను సంపుకున్నవార?" అన్నాడు.

ఇంతలో ఇంట్లో ఫోన్ మోగింది. పటేలే ఎత్తాడు. అటు సుజాత వాళ్ళ నాన్న. "మల్లయ్య పటేల్ పోయిండట గద. మైలల పెండ్లిచూపులెట్ల? ఏడాది దాంక శుభం ముచ్చట వద్దు. మేము వేరే సంబంధం చూస్కుంటం, ఏమనుకోవద్దు."

"నేనే మల్లయ్యను మాట్లాడుతున్న!"

"సావు ఇంట్ల గూడ పరాచకమా?" అని అవతల ఫోన్ పెట్టేశారు.

నర్సింలు గడపలో కూలబడ్డాడు. "అయిపాయె. సుజాత పాయె," అన్నాడు. నా గంట కోసం, నా పందిరి కోసం వీడి పెళ్ళి చెడగొట్టానే అనిపించింది.

"కాకా, స్కూటరెక్కు," అన్నాను పటేల్‌తో. "నువ్వు బతికున్నవని నువ్వే పోయి సూపియ్యాలె."

మా సరుకుల స్కూటర్ మీద నేను, మధ్యలో చనిపోయిన పటేల్, వెనక మీసం లేని పెళ్ళికొడుకు. పటేల్‌గూడలో సుజాత వాళ్ళ నాన్న తలుపు తీశాడు. నర్సింలు బోడి పెదవి చూసి ముఖం దిగులుగా పెట్టి, పక్కనున్న పెద్దాయన ఎవరో దగ్గరి చుట్టం అనుకుని, "పాపం, మంచి మనిషట గద," అన్నాడు.

"అవు, మంచి మనిషే," అన్నాడు పటేల్ చెప్పులు విడుస్తూ. "గా పోయింది నేనే. ఎండలపడి వచ్చిన, జెర చాయ్ పొయ్యండ్రి."

లోపలి గదిలోంచి పకపకా నవ్వు వినిపించింది. సుజాత. ఆ నవ్వుకు నర్సింలు ప్రాణం తిరిగి వచ్చింది. కానీ మీసం ఎందుకు తీశావని అందరూ అడిగితే వాడు వేలు నా వైపు చూపించాడు. కోట, వేషాలు, శక్తులు, అంగడి, బోణీ, అన్నీ చెప్పాను. ఎవరికీ ముక్క అర్థం కాలేదు. మూలన కూర్చున్న సుజాత నానమ్మ ఒక్కతే తలూపింది.

"పిల్లగాని తప్పేమున్నది? బోణీ గద, ఎట్ల తిప్పి పంపుతడు?"

సుజాత తలుపు చాటు నుంచి తీర్పు చెప్పింది. "మీసం మొలిచినంక మల్ల రమ్మను నానమ్మా."

నర్సింలు ఆ నెలల్లో రాసిన ఆముదంతో ఒక బండి ఇరుసు జీవితకాలం తిరిగేది. మీసం మొలిచింది, పెళ్ళయింది. పెళ్ళిలో బాలరాజు నాకు జిలేబీ వడ్డిస్తూ, "లైన్ల రా సేటూ," అన్నాడు.

పందెం ఓడిన ఆ ఆదివారం రాత్రి కొట్టుకొచ్చాక నాన్నకు మొత్తం చెప్పాను. ఆయన తల పట్టుకున్నాడు.

"శత్రువంటె నేను జెప్పింది ఎదురు దుకాణమోని గురించిర! సరె, అమ్మితివి. యుద్ధం నడుస్తుంటె, ఊర్లె ఇంకో అంగడి లేకపాయె, ధరెందుకు పెంచలే?"

నేను తక్కెడ దులిపి సర్దసాగాను.

"బొమ్మకు నా పొట్ట పెట్టినవ్ గని, నా బుద్ధి పెట్టలేకపోయినవ్," అని ఆయన దీపం ఆర్పేశాడు.

అప్పుడే తక్కెడ మీద చెయ్యి పెట్టి, మూడు తరాల వర్తకుల సాక్షిగా ఒట్టు వేసుకున్నాను. ఇక ఈ జన్మలో యుద్ధభూమిలో అంగడి తెరవను. తెరిచినా శత్రువుకు అమ్మను. అమ్మినా రెట్టింపు ధరకే అమ్ముతాను. బోణీ బేరమైతే మాత్రం, మీరే చెప్పండి, ఎట్లా తిప్పి పంపుతాను?