చిన్నమ్మకు చెప్పని మాట

మా చిన్నమ్మ పోయిందని ఫోన్ వచ్చినప్పుడు నేను ఆత్మకూరులో మా బడి వరండాలో పిల్లల మధ్యాహ్న భోజనాల దగ్గర ఉన్నాను. ఫోన్ చేసింది చిన్నమ్మ కొడుకు, నాకు తమ్ముడు. ఏడుస్తూ చెప్పాడు. కడుపులో పుండుకు మనిషి ఇంత త్వరగా పోతుందా అని అడిగాను. వాడు ముక్కు చీదుకున్నాడు. తర్వాత, "పుండు కాదక్కా, క్యాన్సర్. ఎండాకాలం నుంచే తెలుసు మాకు. నీకు చెప్తే నువ్వు పోయి అమ్మకు చెప్పేస్తావని నీకూ చెప్పలా," అన్నాడు.

ఒకే ఫోనులో రెండు కబుర్లు. మొదటిదానికి ఏడవాలి, రెండోదానికి ఒళ్లు మండింది. నిజం చెప్పాలంటే ఆ మంట ఇంకా చల్లారలేదు. పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు శాంతంగా రాయాలంటారు. నా వల్ల అయినంత శాంతంగా రాస్తాను.

చిన్నమ్మ అంటే మా అమ్మకు చెల్లెలు. ఉదయగిరి ప్రభుత్వాసుపత్రిలో చాలా ఏళ్లు నర్సుగా చేసి, చివర్లో ఆత్మకూరు వచ్చి రిటైరయ్యి, మళ్లీ ఉదయగిరి ఇంటికే చేరింది. ఉదయగిరిలో సిస్టరమ్మ అంటే ఆమే. కొయ్య గరిటెలు చెక్కే ఇళ్లలో ఎన్ని పురుళ్లు పోసిందో గానీ, మా చుట్టాల్లో ఎవరికీ గరిటె కొనుక్కునే పని పడలేదు. బడి సెలవులకు నేను ఆమె దగ్గరికే పోయేదాన్ని. గాజులకు పిన్నీసులు, జడలో ఎప్పుడు పెట్టుకుందో ఆమెకే గుర్తులేని పెన్ను, నోట్లో సోంపు. నడిచొస్తుంటే ముందు సోంపు వాసన వచ్చేది, తర్వాత కేక వచ్చేది.

మన ఆసుపత్రుల్లో ఏం జరుగుతుందో మీకు తెలియనిది కాదు. డాక్టరు చూసి వెళ్లగానే, మంచం మీద మనిషిని వదిలేసి ఇంటి మగవాళ్లు, పెద్దవాళ్లు నర్సును పక్కకు పిలుస్తారు. ఏమంటున్నారమ్మా అని గుసగుసగా అడుగుతారు. రోగం ఒకరిది, కబురు ఇంకొకరిది. మా చిన్నమ్మ అట్లా పక్కకు వెళ్లేది కాదు. స్టూలు లాక్కుని మంచం దగ్గర కూర్చుని, డాక్టరుగారు చెప్పింది ఆ మనిషికే, ఆ మనిషి మాటల్లోనే చెప్పేది. ఈ మాత్ర దేనికి, ఆ సూది దేనికి, వద్దంటే ఏమవుతుంది, ఇష్టం లేకపోతే వద్దనొచ్చు. విన్నదంతా తిరిగి చెప్పించుకునేది. బయట నిలబడ్డవాళ్లు కోప్పడితే ఆమె జవాబు ఒకటే. "రోగం ఆమెదైతే మాట మీదెట్టవుతాది?"

ఒకసారి ఊళ్లో పేరున్న పెద్దింటివాళ్లు కోడల్ని కాన్పుకు తెచ్చారు. ఆపరేషన్ చేసే కాన్పు. దాంతోపాటే ఇక పిల్లలు పుట్టకుండా కూడా చేసేయమని అత్తగారు నెమ్మదిగా చెప్పింది. ఆ పిల్లకు చెప్పనక్కర్లేదట, చెబితే బెదిరిపోతుందట. నేను అప్పుడు చిన్నమ్మకు క్యారేజీ తీసుకెళ్లి అక్కడే ఉన్నాను. చిన్నమ్మ ఆ పెద్దావిడ్ని పైనుంచి కిందికి చూసి, "కోసేది మీ కడుపు కాదు కదమ్మా," అంది. లోపలికి పోయి ఆ పిల్లను అడిగింది. ఆ పిల్ల వద్దంది. అదే మాట డాక్టరుగారికి చెప్పింది, ఆయన సరేనన్నాడు. పెద్దింటివాళ్లు మాత్రం ఊరుకోలేదు. ఆమెను బదిలీ చేయిస్తామని మనుషుల్తో చెప్పించారు. "చేయించుకోమను. ఇంతకంటే ఎండలు యాడుండాయో నేనూ చూస్తా," అని నవ్వి క్యారేజీ విప్పింది.

మా నాయన సంగతి చెబితే గానీ మిగతాది మీకు అర్థం కాదు. నేను కాలేజీలో ఉండగా ఆయనకు ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ వచ్చింది. డాక్టర్లు మా అమ్మకు చెప్పారు. అమ్మ చిన్నమ్మ చేతులు పట్టుకుని, ఆయనకు చెప్పొద్దని ఏడ్చింది. చిన్నమ్మ తనంతట తాను చెప్పలేదు. కానీ నాయన ఊరుకునే రకమా? ఒక పొద్దున ఆమెనే నిలేశాడు. "నువ్వు అబద్ధం చెప్పవని అడగతుండా. నాకేమైంది?" చిన్నమ్మ చెప్పింది.

ఆ తర్వాత మా నాయన బతికిన కాలం నాకు దొరికిన ఆస్తి. అనంతసాగరం పోయి, గట్టు తగాదాతో మాటల్లేకుండా ఉన్న అన్నను కావిలించుకుని వచ్చాడు. సోమశిల గేట్లు ఎత్తిన రోజు నన్ను తీసుకెళ్లి నీళ్లు చూపించాడు. అమ్మకు మోటారు స్టార్టరు వేయడం నేర్పాడు, ఆమె భయపడితే పడీపడీ నవ్వాడు. అందరితో చెప్పాల్సినవి చెప్పి పోయాడు. అది మా చిన్నమ్మ పెట్టిన భిక్ష అని నేను ఇప్పటికీ అంటాను. మా అమ్మ మాత్రం ఒప్పుకోలేదు. చెప్పిన రోజే నా మొగుడు చచ్చిపోయినాడు అంది, తన గడప తొక్కొద్దంది. ఆనాటి నుంచి అక్కచెల్లెళ్లకు మాటల్లేవు. అమ్మ వింజమూరులో, చిన్నమ్మ ఉదయగిరిలో. మధ్యలో బస్సులు తిరుగుతూనే ఉన్నాయి, వీళ్లే ఎక్కలేదు.

పోయిన ఎండాకాలం చిన్నమ్మకు అన్నం సయించలేదు. నెల్లూరులో ఉన్న కొడుకు తీసుకుపోయి చూపించాడు. పుండన్నారంట, అని నాకు ఫోన్లో తనే చెప్పింది. గొంతు నీరసంగా ఉన్నా ఎకసెక్కెం తగ్గలేదు. నేను వస్తానంటే తమ్ముడు ఫోన్ తీసుకుని, ఇన్ఫెక్షన్ భయం, ఎవర్నీ రావద్దన్నారక్కా అనేవాడు. నమ్మాను. వాడు నా చేతుల్లో పెరిగినవాడు, ఎందుకు నమ్మను?

ఒకరోజు ఫోన్లో చిన్నమ్మ ఉన్నట్టుండి, వింజమూరు పోవాలే అంది. మా అమ్మతో మాట్లాడాలట. ఇప్పుడే కారు తీస్తాను పోదాం అన్నాను. "ఇప్పుడొద్దు. ఈ పీక్కుపోయిన మొహం చూస్తే మీ అమ్మకు జాలి పుట్టుద్ది. జాలితో మాట్లాడితే నాకొద్దు. పుండు మాననీ, పోయి తీరిగ్గా తిట్టించుకుంటా," అంది. నువ్వు ముందుపోయి ఆమె చేతిలో చీపురు లేకుండా చూడాలని కూడా అంది. ఇద్దరం నవ్వుకున్నాం. నా దగ్గర కారు ఉంది, దారి ఉంది, మనసు ఉంది. టైము లేదన్న సంగతే నాకు చెప్పలేదు. ఆమెకూ చెప్పలేదు.

జీవితమంతా ఆసుపత్రిలో గడిపిన మనిషి, తన రోగం తనకు తెలియకుండా ఉంటుందా అని మీరు అడగొచ్చు. తమ్ముడు కూడా అదే అంటున్నాడు, అమ్మకు తెలిసే ఉంటుందిలే అక్కా అని. ఈ మాటకు జవాబు చిన్నమ్మే ఎప్పుడో చెప్పింది. రోగి ఊహించుకోవడం వేరు, మనం చెప్పడం వేరు అనేది. ఊహించుకున్నదాన్ని గురించి ఎవరితోనూ మాట్లాడలేం. ఒకరు నోరు తెరిచి చెప్తేనే, నాకింకెంత కాలముంది, ఏమేం చక్కబెట్టుకోవాలి అని తర్వాతి మాట అడగ్గలిగేది. ఆ తర్వాతి మాటే ఆమెకు లేకుండా చేశారు.

ఉదయగిరి ఇంటికే తెచ్చారు ఆమెను. షామియానా కింద అద్దాల పెట్టెలో పెట్టారు. ఆమె పనిచేసిన ఆసుపత్రివాళ్లు పెద్ద దండ తెచ్చారు. వాళ్లలో ఒకాయన నిలబడి, రోగుల హక్కుల కోసం పోరాడిన తల్లి అని మాట్లాడాడు. తమ్ముడు తలూపుతూ కళ్లు తుడుచుకున్నాడు. నాకు ఆ దండ తెంపి అవతల పారేయాలనిపించింది. మా ఇంట్లోవాళ్లంతా ప్రేమతోనే దాచారు, కాదనను. బతికినన్నాళ్లు నవ్వుతూ ఉండాలని దాచారు. ప్రేమతో చేశారు కాబట్టి వదిలేయమని అందరూ అంటున్నారు. నాకు వదిలేయడం చేతకావడం లేదు.

షామియానా చివర ఒక నర్సు పిల్ల నిలబడి ఏడుస్తోంది. చిన్నమ్మ దగ్గర పని నేర్చుకున్న పిల్లే, ఇప్పుడు నెల్లూరులో చిన్నమ్మను చేర్చిన ఆసుపత్రిలో చేస్తోంది. నన్ను చూసి దగ్గరికొచ్చింది. ఒకరోజు అందరూ బయటికెళ్లాక చిన్నమ్మ ఆ పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, నాకేందో నువ్వన్నా చెప్పమ్మా అని అడిగిందట.

"ఇంట్లోవాళ్లు చెప్పబాకన్నారక్కా. పుండే మేడం అన్నాను," అంది.

ఆమె ఏమన్నదని అడిగాను.

"సరే పో, పని చూసుకో అనింది. మళ్లా నన్ను పేరు పెట్టి పిలవలా."

ఆ పిల్లను ఓదార్చాలని తెలుసు. కానీ నా చెయ్యి లేవలేదు.

అంతలో మా అమ్మ వచ్చింది. వింజమూరు నుంచి ఒక్కతే బస్సులో వచ్చింది. ఆమె మొహం చూడగానే నాకు అనుమానం తగిలింది. ఇంటి పక్కకు తీసుకెళ్లి, నీకూ తెలుసా అని అడిగాను. తెలుసంది. ఆషాఢంలోనే తమ్ముడు చెప్పాడట. నోటికొచ్చిన మాట వచ్చినట్టే అనేశాను. పాత కక్ష తీర్చుకున్నావా అన్నాను. అమ్మ నన్ను కొట్టలేదు, తిట్టలేదు.

"ఇన్నేళ్లు రాని దాన్ని ఇప్పుడు ఊడిపడితే, దానికి తెలిసిపోదా? ఎందుకొచ్చినానో తెలిసిపోతాది. పిల్లోడు రాబాకు పెద్దమ్మా అని కాళ్లు పట్టుకున్నాడు. ఒకసారి నెల్లూరు బస్సెక్కి కూడా దిగేసినా."

చెల్లెలు జాలి వద్దని ఆగింది. అక్క వెళితే నిజం బయటపడుతుందని ఆగింది. ఇద్దరూ ఒకరి కోసం ఒకరు ఎదురు చూస్తూ ఉండిపోయారు. వాళ్లిద్దరినీ కలపడానికి ఒక్క నిజం చాలు, దాన్ని మావాళ్లంతా కలిసి భద్రంగా దాచారు.

స్నానం చేయించడానికి చిన్నమ్మను అద్దాల పెట్టెలోంచి తీసి, చుట్టూ చీరలు అడ్డం పట్టి బల్ల మీద పడుకోబెట్టారు. ఆడవాళ్లం మాత్రమే ఉన్నాం. అమ్మ అందరినీ తప్పించుకుని ముందుకొచ్చింది. చెల్లెలి నుదుటి మీద జుట్టు వెనక్కి తోసింది. ఇన్నేళ్ల తర్వాత మొదటి మాట ఏమంటుందోనని నేను చూస్తున్నాను. అమ్మ వంగి చిన్నమ్మ చెవి దగ్గర నోరు పెట్టింది. రహస్యంగా కాదు, అందరికీ వినపడేటట్టే చెప్పింది.

"చెల్లా, నీకొచ్చింది పుండు కాదు. క్యాన్సర్. మా ఎవరికీ నోరు రాలా."

నీళ్లు పోస్తున్న చెయ్యి ఆగిపోయింది. ఏడుస్తున్నవాళ్లు ఏడుపు ఆపారు. అమ్మ తల తిప్పి, తన చెవిని చిన్నమ్మ పెదాల దగ్గర పెట్టి, అట్లాగే వంగి ఉండిపోయింది.