వంటాయన చేతిలో ఫోను

మిలిటరీ క్యాంపు గేటుకి ఎదురుగా మా అత్తయ్య ఫోటో స్టూడియో. ఒక కుర్చీ, నీలం తెర, బల్ల మీద నల్ల ఫోను. అది ఎన్నడూ మోగి ఎరగదు. దాని తీగ తివాచీ కిందికి దూరి అక్కడే ఆగిపోయేది. ఆఫీసర్లు ఫోటోకి ఆ రిసీవరు చెవికానించుకుని, లోకమంతా తమ మాట కోసమే కాచుకున్నట్టు మొహం పెట్టేవారు. సిపాయిలకి మాత్రం తుపాకీ, నిటారుగా నిలబడడం. ఎవరొచ్చినా అత్తయ్య ముందు మంచినీళ్ళిచ్చేది. గుండీ ఊడితే తనే కుట్టిపెట్టేది. దేవుడు పుట్టించిన మనిషికి ర్యాంకు ఉండదని ఆవిడ నమ్మకం.

ఒకరోజు క్యాంపు వంటాయన నసుగుతూ అడిగాడు. "అక్కా, ఆ ఫోనుతో నేనూ ఒకటి దిగొచ్చా? అమ్మకి పంపాలి."

"దానికేం తమ్ముడూ, కూర్చో. ఎవరితో మాట్లాడతావు?"

"అమ్మతోనే," అని నవ్వాడు.

ఆ నవ్వు ఫోటోలో ఎంత బాగా పడిందంటే, అత్తయ్య ఒక కాపీ అద్దాల బీరువాలో వీధి వైపు పెట్టింది.

పదిరోజులకి హవల్దారు వచ్చాడు. "తీసెయ్యమ్మా. పెద్దసారు మండిపడుతున్నారు. ఫోను పట్టుకున్నాడంటే ఆర్డరిచ్చేవాడని లెక్క. వంటవాడు ఎవరికిస్తాడు ఆర్డరు?"

"ఉప్పు పంపమని స్టోరుకి చెబుతున్నాడనుకోండి."

"వేళాకోళం కాదు. తియ్యకపోతే క్యాంపు పనంతా బజారు స్టూడియోకి పోతుంది."

అత్తయ్యకి ఆ పనే బతుకుతెరువు. అయినా, "మీ అందరికీ అన్నం పెట్టే చెయ్యి అది. తియ్యను," అంది.

సంగతి తెలిసి సాయంత్రం వంటాయన వగరుస్తూ వచ్చాడు.

"నీకు ఇబ్బందంటే ఇప్పుడే తీస్తా తమ్ముడూ. వాళ్ళ కోసమైతే తియ్యను."

అతను జేబులోంచి తల్లి ఉత్తరం తీసి చదివాడు. "నాయనా, ఫోను నీ చేతికే వచ్చిందిగా, ఇంకా సెలవు దొరకలేదంటావేం? అందులోనే అడుగు."

ఇద్దరూ కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వారు. "ఉండనీ అక్కా," అన్నాడతను. "నా గరిటె లాక్కుంటే పస్తులుండేది వాళ్ళే."

క్యాంపు పని పోయింది. అత్తయ్య బడిపిల్లల ఫోటోలతో నెట్టుకొచ్చింది. కానీ ఆదివారం సెలవు పూట సిపాయిలు ఒక్కొక్కరే రాసాగారు. అందరికీ ఫోనే కావాలి.

రెండు నెలలకి పెద్దసారే వచ్చారు. ఆయనకి ప్రమోషనొచ్చింది, బజారు స్టూడియోలో ఫోను లేదు. బీరువాలో వంటాయన ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. ఆ ఫోటో కిందే వాళ్ళమ్మ ఉత్తరం అంటించి ఉంది. సారు అది చదివి గొంతు సవరించుకున్నారు.

అత్తయ్య ఆయనకీ మంచినీళ్ళిచ్చింది. "ఫోను కావాలా సార్? అలా బెంచీ మీద కూర్చోండి. మీకన్నా ముందు మీ క్యాంపు మంగలాయన వచ్చారు."

ఆయన కూర్చున్నారు.