కార్జం చూసి చెప్పే రోసెండా

ఎవరింట్లోనైనా ఆవు చచ్చిందంటే కబురు ముందు మా ఆడబిడ్డ రోసెండాకే అందేది. పరామర్శకు కాదు, కార్జం కోయడానికి. ఆవిడ వెడల్పు టోపీ తీసి పక్కన పెట్టి, నేలమీద గొంతుకూర్చుని, కార్జాన్ని కత్తితో చీల్చి వేళ్లతో పిండేది. గుమ్మడి గింజంత, ఆకులా పలచటి పురుగులు జారిపడేవి. మా కహమార్కా కొండల్లో వాటిని ఆలికూయ అంటాం. "అబ్బ, ఎంత చక్కగా ఉందో చూడవే సోయిలా!" అని నా ముక్కు దగ్గర పెట్టేది. నేను ముక్కు మూసుకుని అవతలికి పరిగెత్తేదాన్ని.

చదివింది మూడో తరగతి. అయినా పన్నెండేళ్లుగా చుట్టుపక్కల పల్లెల్లో పశువులకి ఆలికూయ మందు తాపేది ఆవిడే. ఆవును కంటితో చూసి బరువు చెప్పేది, ఆ లెక్కన సీసాలోంచి మందు కొలిచి, మూతి ఎత్తిపట్టి గొంతులోకి పోసేది. అన్ని పశువులూ తేరుకునేవి. మా కాలవ పక్కన మేసేవి మాత్రం ఇలా బాగుపడి అలా మళ్లీ జబ్బుపడేవి.

"మా ఆవులకి మాత్రం నీళ్లు కలిపి పోశావా వదినా?" అని ఎగతాళి చేసేదాన్ని.

"నీ నోట్లో పోస్తా, నీకే తెలుస్తుంది" అనేది. పైకి అలా అన్నా, ఆ సంగతి ఆవిణ్ణి లోపల్లోపల తొలిచేస్తూనే ఉండేది. కాలవలో నత్తల్ని ఏరి, తిరగేసి మరగేసి చూస్తూ పూటల తరబడి కూర్చునేది.

ఆ ఏడు వానలు వెలిసాక నా మొగుడు తియోఫిలో, అంటే ఆవిడ తమ్ముడు, చిక్కిపోవడం మొదలుపెట్టాడు. కుడి డొక్కలో నొప్పి. ఒళ్లంతా దురద. కళ్లు పచ్చబడ్డాయి. ఉడికించిన దుంప ముక్క కూడా గొంతు దిగేది కాదు. ఆసుపత్రికి పదమంటే "నాకేం రోగం?" అని కసురుకునేవాడు. ఈ మనిషి నాకు దక్కడేమోనని రోజూ గుండె పీచుపీచుమనేది. ఇక లాభం లేదని ఓ శుక్రవారం సిరీలో తాతను పిలిపించాను.

తాత వైద్యం అందరికీ తెలిసిందే. బతికున్న కూయిని, అదే కుందేలు పిల్లంత ఉండే గినీ పందిని, రోగి ఒళ్లంతా రుద్దుతాడు. రోగం దాంట్లోకి దిగుతుంది. అప్పుడు దాన్ని కోసి, దానికి లోపల ఏది చెడితే రోగికీ అదే చెడిందని చెబుతాడు. ప్రతి ఇంట్లోనూ పొయ్యి పక్కన గడ్డి తింటూ కిచకిచమనే జీవాలేగా, ఓ నల్లదాన్ని పట్టిచ్చాను. తాత రుద్దాడు, కోశాడు. కార్జం నిండా తెల్లటి చారలు.

"కార్జమే తల్లీ. ఎవరి ఏడుపో తగిలింది. సొంత మనిషిదే" అన్నాడు.

సొంత మనిషంటే ఎవరు? నా కళ్లు గుమ్మంలో నిలబడి చూస్తున్న రోసెండా మీదికి పోయాయి. పంపకాల్లో తమ్ముడికి కాలవ పక్క నేల వచ్చింది, ఆవిడకి రాళ్ల మెట్ట దక్కింది. ఛీ, ఎంత పాపిష్టి బుద్ధి నాది! ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆవిడకి ఇవేం పట్టలేదు. కార్జం లాక్కుని పిండింది. అరచేతిలో పురుగొకటి పడి ముడుచుకుంది.

"ఏడుపు ఇలా మెలికలు తిరుగుతుందా తాతా? ఇది ఇంత పెరగాలంటే నెలలు పడుతుంది. ఇందాక రుద్దితే వచ్చింది కాదు. ఈ రోగం కూయిదే."

"అంటే మా ఆయనకేం లేదన్నమాట!" అని నేను ఎగిరి గంతేసినంత పనిచేశాను. తియోఫిలో కూడా నవ్వాడు. "అనవసరంగా దాని ప్రాణం తీశారు. ఇక వేపుడు చెయ్యి" అన్నాడు.

వదిన నవ్వలేదు. "కూయిలకి గడ్డి ఎక్కణ్ణించి తెస్తావురా?"

"కాలవ గట్టునించి. నేనే కోస్తా అక్కా."

"కోస్తూ ఏం నములుతావు?"

తియోఫిలో తెల్లమొహం వేశాడు. "బెర్రో ఆకుకూర. నీళ్లలోంచి పీకి, చీజ్ ముక్కతో... చిన్నప్పట్నించీ తింటున్నదేగా!"

"నత్తల్లోంచి బయటపడ్డ ఆలికూయ పిల్లలు ఆ కాడల్నే పట్టుకుని కూర్చుంటాయిరా. ఆవు తిన్నా, కూయి తిన్నా, నువ్వు తిన్నా వాటికొకటే. నా మందు పనిచేస్తూనే ఉంది. ఆ గట్టే మళ్లీ మళ్లీ రోగం ఎక్కిస్తోంది."

"కార్జమని నేననలేదూ?" అన్నాడు సిరీలో తాత మీసం దువ్వుతూ.

"అన్నావులే తాతా. గుడ్డెద్దు చేలో పడ్డట్టు" అంది వదిన.

తియోఫిలో మొహంలో నెత్తురు చుక్క లేదు. "అయితే ఆ సీసాలోది ఓ గుక్క పొయ్యక్కా, పీడా పోతుంది."

"గొడ్ల మందు మనిషికా? నోరు మూసుకుని రేపు నాతో రా."

మర్నాడు మా ఇద్దర్నీ పాల లారీ ఎక్కించి పట్నం ఆసుపత్రికి తీసుకెళ్లింది. పరీక్షల్లో ఆలికూయ గుడ్లు బయటపడ్డాయి. డాక్టరమ్మ ఇతని బరువెంతని అడిగింది. "యాభై ఎనిమిది" అంది వదిన, ఆవును చూసినట్టే తమ్ముణ్ణి ఎగాదిగా చూసి. కాటా ఎక్కిస్తే సరిగ్గా అంతే. "ఇంకా ముదరనిచ్చి ఉంటే ప్రాణం మీదికొచ్చేది. మాత్రలతో తగ్గిపోతుంది" అంది డాక్టరమ్మ. ఆ మాట విని నేను భోరుమన్నాను.

మాత్రల పెట్టె మీది పేరును వదిన కూడబలుక్కుని చదివింది. మళ్లీ చదివింది.

"నా సీసా మీదున్న పేరే ఇది" అంది.

"చూశావా, డాక్టరమ్మదీ నీదీ ఒకటే మందు!" అన్నాను సంబరంగా.

ఆవిడ బెంచీ మీద కూలబడింది. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను.

"నాన్న కళ్లు కూడా ఇలాగే పచ్చబడ్డాయి సోయిలా. డొక్కలో నొప్పి, నొప్పి అంటూనే పోయాడు. ఆ నెల్లో నేను నలభై ఆవులకి మందు తాపాను. అన్నీ బతికాయి."