పదహారో మజిలీ

నీటి సరఫరా ఆఫీసులో ఆమెను అందరూ మొండిఘటం అనేవారు, ఎదురుగానే. పంపుహౌసులన్నిటినీ ఆఫీసుతో కలిపే నెట్‌వర్క్ ఆమె చేతిలో ఉండేది.

ఒక మంగళవారం డ్యూటీ ఎక్కగానే చూస్తే చిట్టచివరి పంపుహౌసు తెర మీద లేదు. అక్కడి ఆపరేటరు ఏడాదిలో రిటైరయ్యే పెద్దాయన. రౌటర్ ఆపేసి పడుకున్నాడని చీఫ్ ఇంజనీరు తేల్చేశాడు. సస్పెన్షన్ కాగితం ఆమె ముందు పెట్టాడు.

"మన పరికరాల్లో లోపం లేదని సంతకం పెట్టు."

"చూడకుండా పెట్టను సార్."

"చూసేదేముందమ్మా? ఆయన సంగతి నాకు తెలీదా?"

"నాకు తెలీదు కదా."

ఆమె ఆపరేటరుకు ఫోన్ చేసింది. "బాబాయ్, డబ్బాలో లైట్లు వెలుగుతున్నాయా?"

"అన్నీ వెలుగుతున్నాయమ్మా. పొద్దుట్నుంచీ దాని ముందే కూర్చున్నా. చెబితే వినేవాళ్లేరీ?"

పంపుహౌసులన్నీ ఒకదాని వెనక ఒకటిగా బారుగా కలిపి ఉన్నాయి. ప్రతి రౌటరూ అర నిమిషానికోసారి తనకు తెలిసిన దారులు, అవి ఎన్ని మజిలీల దూరమో పక్కదానికి చెబుతుంది. పక్కది ఒకటి కలుపుకుని అవతలిదానికి చెబుతుంది. దూరం పదిహేను దాటితే ఆ దారి లేనట్టే లెక్క. ఆమె ఒక్కో రౌటర్‌లోకీ వెళ్లి పట్టిక చూసింది. చివరి పంపుహౌసుకు దూరం దాని పక్కదానిలో ఒకటి, ఆ తర్వాతదానిలో రెండు. అలా పెరుగుతూ ఆఫీసుకు ముందున్నదానిలో పదిహేను. ఆఫీసు రౌటర్‌లో ఆ దారే లేదు.

ముందురోజు సాయంత్రం బారు మధ్యలో కొత్త పంపుహౌసును ఇరికించారు. దాంతో చివరిది ఆఫీసుకు పదహారో మజిలీ అయింది. ఆ ప్లాను చీఫ్ ఇంజనీరుదే.

"తప్పు మనది సార్, ఆయనది కాదు," అని పట్టిక చూపించింది.

"నోరు పెంచితే నీకూ వస్తుంది కాగితం."

"రానివ్వండి. జవాబుతో పాటు ఇదీ జత చేస్తాను."

అనుమతి కోసం ఆగలేదు. సంచి భుజాన వేసుకుని కొత్త పంపుహౌసుకు వెళ్లింది. దానికి ఇటూ అటూ ఉన్న రెంటినీ నేరుగా కలిపి, దాన్ని బారులోంచి తప్పించి పక్క కొమ్మలా తగిలించింది. కాసేపటికి ఆఫీసు నుంచి గుమాస్తా ఫోన్ చేశాడు. "అక్కా, చివరిది వచ్చేసింది."

తిరిగొచ్చి నేరుగా చీఫ్ ఇంజనీరు గదిలోకి వెళ్లింది. "ఆ కాగితం రద్దని రాసివ్వండి సార్."

"రేపు చూద్దాం."

ఆమె కదల్లేదు. ఫైళ్లు తీసి, పెట్టి, చివరికి ఆయన రాసిచ్చాడు.

వారం తిరక్కుండానే అనుమతి లేకుండా లైన్లు మార్చావంటూ ఆమెకు మెమో వచ్చింది. ఆమె ఆ పూటే జవాబు రాసింది: "మార్చాను. మళ్లీ అవసరమైతే మళ్లీ మారుస్తాను."