అద్దాల బీరువాలో పెద్దమ్మ పీట

ఇంజనీరింగ్ మొదటి సంవత్సరంలో మాకు డిజైన్ అని ఒక సబ్జెక్టు ఉండేది. ఎవరో ఒకరికి నిజంగా ఉన్న ఇబ్బందిని వెతకాలి, దానికొక వస్తువు చేయాలి. నలుగురికి ఒక జట్టు. మా జట్టులో మిగతా ముగ్గురికీ తమ ఇళ్లలో ఏ ఇబ్బందీ కనపడలేదట, అంత అదృష్టవంతులు. నాకు మాత్రం వెతకాల్సిన పనే పడలేదు. నాచారంలో మా పక్క గల్లీలో ఉండే పెద్దమ్మకు అప్పటికి కొన్ని నెలల కిందటే పక్షవాతం వచ్చి ఎడమచేయి పడిపోయింది.

పెద్దమ్మ అంటే మా అమ్మకు సొంత అక్క. చర్చిలో పెళ్లయినా పండగైనా ఉల్లిగడ్డలు కోసే పని ఆమెదే. కత్తిపీట ముందు కూర్చుందంటే బస్తా ఖాళీ అయ్యాకే లేచేది. ఈలోగా ఎవరి సంబంధం ఎందుకు చెడిపోయిందో అంతా చెప్పేసేది. జబ్బు చేశాక కింద కూర్చోవడం పోయింది. వంటగట్టుకు ఆనుకుని కాసేపు నిలబడగలిగేది, అంతే. కోడలు మంచిదే, వేళకు కంచంలో పెట్టి ఇచ్చేది. ఆ ఇవ్వడమే పెద్దమ్మకు కష్టంగా ఉండేది. "ఒక్క పూట కూర నేను కోసుకొని నేను ఒండుకుంటే సాలు, ఇంకేం వద్దు" అనేది.

మేం చేసిన ఘనకార్యం ఏమిటంటే, ఆమెను అడక్కుండానే మోటారు కొన్నాం. ఫస్టియర్ వాళ్లకు ప్రాజెక్టంటే ఎక్కడో ఒక లైటు వెలగాలి, ఏదో ఒకటి గిర్రున తిరగాలి. ముందు వస్తువు తయారుచేసి, తర్వాత దానికి తగ్గ ఇబ్బందిని రిపోర్టులో రాయడం మా కాలేజీలో సీనియర్ల నుంచి వస్తున్న ఆచారం. మేమూ అదే దారిలో ఒక కూరగాయలు తరిగే పెట్టె చేసి, పేరుకు ముందు స్మార్ట్ అని తగిలించి తీసుకెళ్లాం. ఆ సబ్జెక్టు చెప్పే మేడం దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఆమెను అడిగారా?" అన్నారు. మేం మోటారు స్విచ్చి వేసి చూపించబోయాం. "అడిగి రండి. అప్పటిదాకా నాకేం చూపించొద్దు" అని పంపేశారు.

వెళ్లి అడిగితే పెద్దమ్మ నవ్వింది.

"గీ మిషిను నాకెందుకు బిడ్డా? ఇంట్ల మిక్సీ లేదా? కోసుడు నాకొస్తది. పట్టుకునుడే వస్తలేదు."

అడుగు, చెయ్యి, మళ్లీ అడుగు అంటూ మేడం రోజూ బోర్డు మీద గీసే బాణాలూ గుండ్రాలూ నాకు అప్పుడు అర్థమయ్యాయి. మోటారు పక్కన పడేశాం. ఉప్పల్‌లో కట్టెల అడితి నుంచి చెక్క తెచ్చి పీటలా కోసి, ఉల్లిగడ్డను గుచ్చి నిలబెట్టడానికి మేకులు కొట్టాం. మేకులు లావై ఉల్లిగడ్డ పగిలింది. సన్నవి కొడితే, కత్తి పడగానే పీటే గట్టు మీద జారింది. "మీ ఇంజనీరింగు జారుతుంది, సూడుర్రి" అని పెద్దమ్మ ఒకటే నవ్వు. నేను టేపు పట్టుకుని ఆమె నడుము ఎత్తు, మోచేయి ఎత్తు, గట్టు రాయి మందం కొలుస్తూనే ఉన్నాను. చివరికి తుప్పు పట్టని స్టీలు సూదులు పెట్టి, రాయి అంచుకు పీటను బిగించేలా చేసి, ఆమె ఒరిగి నిలబడే వైపుకు కొంచెం వాల్చాం.

ఆ రోజు ఇంట్లో ఉన్న ఉల్లిగడ్డలన్నీ కోసేసింది. ఆపైన బెండకాయలు, టమాటాలు. "గిన్ని ఎవరు తింటరత్తమ్మా?" అని కోడలు నెత్తి కొట్టుకుంటే, "తినకుంటే పక్కింటోళ్లకియ్యి" అంటూ ఇంకోటి గుచ్చింది. నేను చేసిన వస్తువును ఒక మనిషి అంతగా కావాలనుకోవడం అదే మొదటిసారి. ఇన్నేళ్ల ఉద్యోగంలో మళ్లీ అలాంటిది చూడలేదు.

మర్నాడు ఫైనల్ రివ్యూ. పొద్దున్నే వెళ్లి పీట విప్పుతుంటే పెద్దమ్మ "మల్ల ఎప్పుడు తెస్తవ్?" అంది.

"సాయంత్రం తెస్తా పెద్దమ్మా" అన్నాను.

మాకు ఫస్ట్ వచ్చింది. అక్కడే చెడింది. మా డిపార్ట్‌మెంటులో ఒక అద్దాల బీరువా ఉంది. కాలేజీకి గ్రేడు ఇచ్చే కమిటీ వచ్చినప్పుడు చూపించడానికి ఫస్ట్ వచ్చిన ప్రాజెక్టులను అందులో పెట్టి తాళం వేస్తారు. సెకండ్ వచ్చిన వాళ్లు తమ వస్తువును హాయిగా ఇంటికి పట్టుకెళ్లారు. నేను హెచ్‌ఓడీ సార్ దగ్గరికి వెళ్లి, ఇది ఒకరు రోజూ వాడుకోవాల్సిందని చెప్పాను. "కమిటీ వచ్చిపోనీ అమ్మా, తర్వాత తీస్కపో. కాలేజీకి పేరొస్తే మీకే మంచిది కదా" అన్నారు. రెండోసారి గొంతు పెంచి అడిగితే ఇంటర్నల్ మార్కులు గుర్తుచేశారు. కమిటీ ఈ నెలన్నారు, వచ్చే నెలన్నారు, సెలవుల తర్వాతన్నారు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని ఊరికే అనలేదు.

ఇంకోటి చేయొచ్చు కదా అంటారు. అమ్మ కూడా అంది. రేపో ఎల్లుండో తాళం తీస్తారని ఆశ ఉన్నంతకాలం రెండోది చేయబుద్ధి కాదు. ఆ ఆశే మమ్మల్ని ముంచింది. ఆదివారం చర్చి నుంచి వస్తూ పెద్దమ్మ మా గుమ్మం దగ్గర ఆటో ఆపించి "నా పీటొచ్చిందా?" అనేది. కొన్నాళ్లకు అడగడం మానేసింది. అడిగినప్పటికంటే అడగనప్పుడే ఆమె మొహం చూడలేకపోయాను.

కమిటీ ఎట్టకేలకు వచ్చింది. బీరువా వంక తలైనా తిప్పలేదట. పీట నా చేతికి వచ్చేసరికి మేం సెకండియర్ చివర్లో ఉన్నాం. ఈలోగా పెద్దమ్మ బాత్రూంలో పడి తుంటి ఎముక విరిగి చక్రాల కుర్చీకి వచ్చింది.

ఉప్పల్ చౌరస్తాలో షేర్ ఆటో ఎక్కి, పీటను ఒళ్లో పెట్టుకుని నేరుగా వాళ్లింటికే వెళ్లాను. గట్టుకు బిగించాను. కుర్చీలో ఉన్న పెద్దమ్మకు అది గడ్డం దాకా వచ్చింది. అన్ని కొలతలూ నిలబడగలిగిన మనిషివి. నాకు కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి. "కుర్చీకి సరిపోయేటట్టు మళ్ల చేస్తా పెద్దమ్మా" అంటూ బ్యాగులోంచి టేపు తీశాను.

ఆమె కుడిచేత్తో నా మణికట్టు పట్టుకుంది.

"ఇగ కొలుసుడు వద్దు బిడ్డా. అప్పుడు కోసుకోవాల్నని మస్తు పానం గుంజేది. ఇప్పుడు గుంజుతలేదు. నువ్వు కొయ్యి, నేను సూస్త."

ఎడమచేయి వెనక్కి పెట్టుకుని ఒంటిచేత్తో కోశాను. ఉల్లిగడ్డ కదల్లేదు, పీట జారలేదు. మేం అనుకున్నట్టే చక్కగా పనిచేసింది.