జారిన చోటు

రాజాం రోడ్డు మలుపులో అసిరమ్మ టీ కొట్టు పెట్టి పద్దెనిమిదేళ్లయింది. ఆ మలుపు సంగతి ఆమెకు తెలిసినంతగా ఏ ఆఫీసు కాగితానికీ తెలియదు. బ్రేకు చప్పుడు వింటే చాలు, లారీయో ఆటోయో చెప్పేస్తుంది. దెబ్బలు తగిలినవాళ్లకు నీళ్లు పట్టేదీ ఆమే, నూట ఎనిమిదికి ఫోన్ చేసేదీ ఆమే.

ఆ రోజు ఇంజనీరు హైమ ప్రమాదాల పటం పట్టుకుని వచ్చింది. ఎర్రచుక్కలన్నీ మలుపు దాటగానే వచ్చే కల్వర్టు దగ్గరే ఉన్నాయి. హెచ్చరిక బోర్డులూ స్పీడు బ్రేకర్లూ అక్కడే వేస్తామంది. మంజూరయ్యేది ఒక్కసారే. తప్పు చోట వేస్తే ఇక అంతే సంగతులు.

అసిరమ్మ నవ్వింది. "బళ్లు పడతన్నది కల్వర్టులోనే తల్లీ. జారతన్నది మాత్రం ఇక్కడ, నా కొట్టెదర. పడిన సోటు రాసుకున్నారు గానీ జారిన సోటు ఎవులూ రాయనేదు."

"ఇక్కడ జారడానికి ఏముంది?"

టీ తాగుతున్న రైతులు గ్లాసుల్లోకి తలలు దించేశారు. ఊళ్లో కళ్లాలన్నీ ఇళ్ల స్థలాలైపోయాక మొక్కజొన్న ఆరబెట్టడానికి తారురోడ్డే దిక్కయింది. సగం రోడ్డు మీద గింజలు పరిచి, బళ్లు తొక్కకుండా చుట్టూ రాళ్లు పెడతారు. గింజలు ఎత్తుకుపోతారు గానీ రాళ్లు మరిచిపోతారు. అదో తప్పని ఏ మహానుభావుడికీ తోచదు! కిందటేడు అసిరమ్మ తమ్ముడు లక్ష్ముడు బండి మీద వస్తూ అలాంటి రాయిని తప్పించబోయి, చెదిరిన గింజల మీద జారి కల్వర్టులో పడ్డాడు. ఇప్పటికీ కాలు ఈడుస్తూనే నడుస్తాడు. ఆ రాయి ఎవరిదో అతనికి తెలియదు. అసిరమ్మకు తెలుసు. ఏడాదిగా ఆమెకు అన్నం సయించడం లేదు.

"రోడ్డు మీద ఎవరు ఆరబోస్తున్నారు?" అంది హైమ.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు అందరూ ఒక్కసారి కదిలారు. మరిది తిరుమలరావు గొంతు తగ్గించి, "ఊరుకో వదినా. ఊరోళ్ల మీద సెబుతావేటి?" అన్నాడు.

బల్ల చివర లక్ష్ముడు కూర్చుని ఉన్నాడు. అసిరమ్మ అతని వైపే చూసింది.

"ఊరోళ్ల మీద కాదు బాబూ, నా మీదే సెబుతన్నాను. కిందటేడు ఇక్కడ మా సేని గింజలు ఆరబోసింది నాను. నా తమ్ముడు పడిన రోజు ఆ రాయెట్టింది నాను. రాసుకో తల్లీ."

లక్ష్ముడు గ్లాసు కింద పెట్టి లేచాడు. అక్క వైపు చూడకుండానే కాలు ఈడ్చుకుంటూ రోడ్డెక్కి, మలుపు మధ్యకు వెళ్లి నిలబడ్డాడు.

"ఇక్కడెట్టండమ్మా సుక్క," అన్నాడు. "మా అప్ప సెప్పిన సోటు ఇదే."